ఒక కేకు, రెండు సముద్రాలు

పిల్లలూ!

పోయిన నెల మీలో ఒక పాప నాకు ఉత్తరం రాసింది. పెద్ద ఉత్తరమేమీ కాదు. "మాస్టారూ! మా తమ్ముడి పుట్టినరోజుకు బ్లాక్ ఫారెస్టు కేకు తెచ్చారు. బ్లాక్ ఫారెస్టు అంటే నల్లని అడవి గదా! కేకుకు అడవి పేరు ఎందుకు పెట్టారు? నాన్నగారిని అడిగితే మీకు రాయమన్నారు."

ఆ నాన్నగారు తెలివైనవారు. తెలియని ప్రశ్న వస్తే ఫలానా వారిని అడుగమ్మా అని చెప్పడం ఒక విద్య. ముప్ఫై అయిదేళ్ళు బడిలో ఉండి కూడా నేను ఆ విద్య సరిగా నేర్చుకోలేదు. తెలియని ప్రశ్న ఎదురైతే నాకు కోపం వచ్చేది. ఆ కోపం వల్ల జరిగిన ఒక సంగతి కూడా ఈ నెల మీకు చెప్పవలసి ఉన్నది. అది దారిలో వస్తుంది, తొందరపడకండి.

ఈ ప్రశ్నకు మాత్రం నా వద్ద జవాబు ఉన్నది. ఎందుకంటే ఆ నల్లని అడవిని నేను చూశాను. అది జర్మనీ దేశంలో నైరుతి మూలన ఉన్న కొండల వరుస. ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు నూట అరవై కిలోమీటర్ల పొడవు. మా అమ్మాయి, అల్లుడుగారు ఆ కొండల పాదాన ఉన్న ఫ్రైబుర్గ్ అనే పట్నంలో ఉద్యోగాలు చేస్తున్నారు. కిందటి సంవత్సరం జూలైలో నేనూ, మీ మామ్మగారూ వాళ్ళ ఇంట్లో ఉన్నాము. మనవడికి తొమ్మిదో ఏడు నిండే రోజు శనివారం వచ్చింది. ఏం కావాలిరా అంటే వాడు, "బ్లాక్ ఫారెస్టు కేకును బ్లాక్ ఫారెస్టులోనే తినాలి," అన్నాడు. సరే, ఉదయం సంతలో మొదలుపెట్టి, కొండలన్నీ తిరిగి, ఎక్కడో ఒకచోట కేకు తిని, సాయంత్రానికి ఇల్లు చేరుదామని నిశ్చయమయింది. దారి మొత్తం నూటనలభై కిలోమీటర్ల లోపే. కాని అంతా కొండదారి, పైగా మేము ఆగుతూ ఆగుతూ పోయేవాళ్ళం. రోజంతా పట్టింది.

ఫ్రైబుర్గ్ ఊరి నడుమ పెద్ద చర్చి ఉన్నది. దాని గోపురం ఎత్తు 116 మీటర్లు. ఎర్ర ఇసుకరాయితో కట్టారు. కిందటి మహాయుద్ధంలో, 1944 నవంబరు 27 రాత్రి, విమానాలు ఈ ఊరి మీద బాంబులు కురిపించినప్పుడు చుట్టుపక్కల ఇళ్ళు చాలావరకు కూలి మంటల్లో పోయినా ఈ గోపురం మాత్రం నిలిచి ఉన్నది. ఆ చర్చి చుట్టూ ఉన్న ఆవరణలోనే ఆదివారం తప్ప రోజూ ఉదయం సంత జరుగుతుంది. ఉత్తరం వైపున చుట్టుపక్కల పల్లెల రైతులు తమ పంట తామే తెచ్చి అమ్ముకుంటారు.

సంతకు పోగానే మీ మామ్మగారు చెర్రీపళ్ళ బుట్ట చూసి, అలవాటు చొప్పున చెయ్యి చాచి నాలుగు పళ్ళు ఏరబోయింది. ఆ రైతు భార్య నవ్వుతూనే బుట్టను వెనక్కి జరిపింది. అక్కడ కొనేవాళ్ళు సరుకును ముట్టుకోరాదు. ఎంత కావాలో చెబితే వాళ్ళే తీసి తూచి ఇస్తారు. మీ మామ్మగారికి ఇది అవమానంగా తోచింది. "ముట్టుకోకుండా బెండకాయ లేతదో ముదురో ఎట్లా తెలుస్తుంది?" అని అడిగింది. నిజమే, కాని అక్కడ బెండకాయలు లేవు. ముదురెరుపు చెర్రీలు, స్ట్రాబెర్రీలు, ముత్యాల్లాంటి ఎర్రని పుల్లపళ్ళు, అడవిలో ఏరుకొచ్చిన పసుపుపచ్చని పుట్టగొడుగులు ఉన్నవి. మేము ఒక కిలో చెర్రీలు కొన్నాము. కొండ కింద రైను నది లోయ వెచ్చగా ఉంటుంది, అందుచేత అక్కడ చెర్రీ తోటలు బాగా కాస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి, కేకు వద్ద మళ్ళీ పనికి వస్తుంది.

ఆ సంతలో నాకు అన్నిటికంటె నచ్చినది తినే వస్తువు కాదు. గోపురం కింద ముఖమంటపం గోడల మీద ఏవో గీతలు చెక్కి ఉన్నవి. అల్లుడుగారు చూపించకపోతే చూడకుండా పోయేవాణ్ణి. అవి కొలతలు! రొట్టె ఎంత ఉండాలి, ధాన్యం కొలిచే పాత్ర ఎంత ఉండాలి, ఇటుక ఎంత పొడవుండాలి, అన్నీ రాతి మీద గీసి పెట్టారు. ఇప్పటికి ఏడు వందల ఏళ్ళ కిందటి మాట. సంతలో రొట్టె కొన్న ముసలమ్మకు అనుమానం వచ్చిందనుకోండి, ఆ రొట్టె పట్టుకుని నేరుగా గుడి వద్దకు వచ్చి గోడకు ఆనించి చూసుకునేది. తగ్గితే వర్తకుడి పని పట్టేవారు. మన పెద్దలు కుంచం, మానిక, సోల మీద తగవులు పడ్డప్పుడు ఊళ్ళో పెద్దమనిషి ఇంట ఉన్న కొలపాత్ర తెచ్చేవారు. ఇక్కడ గోడే పెద్దమనిషి అయింది.

రొట్టె బొమ్మలు ఒకటి కాదు, కొన్ని ఉన్నవి. ఒకదాని పక్కన 1270 అనీ, మరొకదాని పక్కన 1317 అనీ సంవత్సరాలు వేసి ఉన్నవి. సైజులు మాత్రం ఒకటి కావు. ఎందుకు మారాయి? ఆ రోజుల్లో రొట్టె ధరను మార్చేవారు కారు. పంట బాగా పండిన ఏడు అదే డబ్బుకు పెద్ద రొట్టె, కరువు వచ్చిన ఏడు అదే డబ్బుకు చిన్న రొట్టె. 1315 మొదలు రెండు మూడేళ్ళు యూరపులో ఎడతెరిపి లేని వానలు పడి పంటలు కుళ్ళి ఘోరమైన కరువు వచ్చింది. 1317 ఆ కరువు నాటిదే. మీ బిస్కెట్టు పొట్లం ధర అయిదు రూపాయలే ఉండి, లోపల బిస్కెట్లు తగ్గిపోతూ ఉంటాయి చూశారా? ఆ ఉపాయం కొత్తదేమీ కాదు. కాకపోతే అప్పటివాళ్ళు దాన్ని గోడ మీద చెక్కి అందరికీ చెప్పారు.

సంతలోనే మొదటి కేకు కూడా దొరికింది. విరిచిన పాలతో చేసే తెల్లని కేకు, ఇంచుమించు మన జున్నులాగే ఉంటుంది. ఒక ముక్క కొని నలుగురూ తిన్నారు. నేను ఎందుకు తినలేదంటారా? నాకు షుగరు వ్యాధి ఉన్నది. మీ మామ్మగారు పక్కనే ఉన్నది. ఈ రెంటిలో దేనికి ఎక్కువ భయపడ్డానో చెప్పను.

తొమ్మిదిన్నరకు కారెక్కాము. ఊరు దాటి కొండల వైపు పోతూంటే మొదట వచ్చే ఊరి పేరు హిమ్మెల్‌రైఖ్. అంటే స్వర్గరాజ్యం. అది దాటగానే మొదలయ్యే ఇరుకు లోయ పేరు హ్యోలెన్‌టాల్. అంటే నరకపు లోయ! స్వర్గానికీ నరకానికీ నడుమ రెండు మూడు నిమిషాల ప్రయాణం. మనవడికి ఈ పేర్లు చెబితే సంతోషం పట్టలేక, "తాతయ్యా, మనం స్వర్గంలో ఆగకుండా వచ్చేశాం," అని అరిచాడు.

నరకమని ఎందుకు పేరు పెట్టారో లోయ చూస్తే తెలిసింది. రెండు పక్కలా నిట్టనిలువు రాతిగోడలు, నడుమ ఒక వాగు, వాగు పక్కనే రోడ్డు, పైన రైలుదారి. ఒకచోట రాళ్ళు బాగా దగ్గరకు వచ్చాయి. ఆ రాతి కొమ్మున ఒక దుప్పి బొమ్మ నిలబెట్టి ఉన్నది. వేటగాడు తరుముకొస్తే ఒక దుప్పి ఈ గట్టు మీదినుంచి ఆ గట్టు మీదికి దూకి తప్పించుకున్నదని అక్కడివాళ్ళు కథ చెబుతారు. పూర్వం ఇక్కడ బండి పోవడమే కష్టం. 1770 లో ఆస్ట్రియా రాజకుమారి మారీ ఆంటోనెట్‌ను ఫ్రాన్సు యువరాజుకు ఇచ్చి పెళ్ళి నిశ్చయించారు. పెళ్ళికూతురు వయస్సు 14 ఏళ్ళు. ఆమె బండ్ల బారు వియన్నా నుంచి ఈ లోయగుండా పోవాలి గనుక, దారిని బాగు చేసి బండ్లు నడిచేట్టు చేశారు. పెళ్ళికూతురు ఒక్కసారే వెళ్ళింది. దారి మాత్రం తరవాత అందరికీ పనికి వచ్చింది.

అక్కడినుంచి ఎక్కుడు. దారి పాములాగా మెలికలు తిరిగింది. మీ మామ్మగారు చెవులు దిబ్బడ వేశాయన్నది. పైకి పోయినకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గుతుంది, చెవి లోపలి గాలి మాత్రం కింది ఒత్తిడితోనే ఉండి కర్ణభేరిని బయటికి నెడుతుంది. గుటక వేస్తే లోపలి గాలికి దారి దొరికి సర్దుకుంటుంది. ఆమెకు రెండు చెర్రీపళ్ళు ఇచ్చాము, సర్దుకున్నది. కారులో ఉష్ణమాపకం ఊళ్ళో 26 డిగ్రీలు చూపించింది. వెయ్యి మీటర్ల ఎత్తుకు వచ్చేసరికి 21 అయింది. మామూలుగా వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఫ్రైబుర్గ్ 278 మీటర్ల ఎత్తున ఉన్నది. లెక్క సరిపోయిందో లేదో మీరే చూసుకోండి. పెన్సిలు తీసి కారులోనే లెక్క కట్టమంటే మనవడు, "తాతయ్యా, ఇవాళ నా పుట్టినరోజు," అన్నాడు. ఒప్పుకున్నాను.

ఈ కొండలు మరీ ఎత్తయినవి అనుకునేరు. అన్నిటికంటె ఎత్తయిన శిఖరం ఫెల్డ్‌బెర్గ్. దాని ఎత్తు 1,493 మీటర్లు. మన తూర్పు కనుమల్లో సీతమ్మకొండ 1,680 మీటర్లు ఉన్నది. ఈ మాట అల్లుడుగారితో అంటే, "మామగారూ, మన కొండ మీద కేకు దొరకదు గదండీ," అన్నారు.

ఇక నల్లని అడవి. రోమను సైనికులు రెండు వేల ఏళ్ళ కిందటే ఈ ప్రాంతానికి వచ్చారు. లోపలికి వెలుతురు దూరని ఈ చెట్ల గుంపుకు తరవాత నల్లని అడవి అనే పేరు వచ్చింది. ఫర్, స్ప్రూస్ అనే చెట్లకు మన చెట్లలాగా వెడల్పాటి ఆకులు ఉండవు. మన దేవదారు చెట్టుకు మల్లే సూదుల్లాంటి ఆకులు ఉంటాయి. సూదులు ఒకదాని మీద ఒకటి దట్టంగా పేర్చినట్టు ఉండి, మీద పడిన వెలుగును తిరిగి బయటికి రానివ్వవు. అందుచేత దూరానికి కొండంతా కాటుక పూసినట్టు కనబడుతుంది. చలికాలంలో కింద తెల్లని మంచు పరుచుకుంటే ఆ నలుపు మరింత నలుపవుతుంది. కాని మనం చూసే అడవి రోమనులు చూసినది కాదు. పెద్ద పెద్ద మానులు నరికి తెప్పలు కట్టి రైను నది మీద హాలెండు దాకా పంపి అమ్ముకున్నారు, మన గోదావరి మీద భద్రాచలం నుంచి రాజమండ్రికి కలప తెప్పలు దిగినట్టే. చివరికి కొండలు బోడి అయినాక, పందొమ్మిదో శతాబ్దంలో మళ్ళీ నాటారు. త్వరగా పెరుగుతుందని ఎక్కువగా స్ప్రూస్ నాటారు. అంతా ఒకే జాతి చెట్లు కావడంతో గాలివానకూ, పురుగుకూ సులభంగా లొంగుతున్నాయి. 1999 డిసెంబరు 26 న వచ్చిన ఒక్క తుఫానుకు లెక్కలేనన్ని చెట్లు నేలకూలినవి.

అడవి నడుమ పచ్చిక బయళ్ళు, బయళ్ళలో ఆవులు. అక్కడక్కడా చాలా పెద్ద కప్పుగల రైతు ఇళ్ళు. కప్పు చూస్తే బోర్లించిన ఓడలాగా ఉంటుంది. ఒకే కప్పు కింద మనుషులు, పశువులు, పైన ఎండుగడ్డి. చలికాలంలో ఆవుల ఒంటి వేడి ఇంటికి కొంత ఆసరా. ఆ గడ్డి తిన్న ఆవుల పాల మీగడ కూడా కేకులోకే పోతుంది. ఇది రెండో దినుసు.

పన్నెండు గంటలకు ఫుర్ట్‌వాంగెన్ చేరాము. అక్కడ గడియారాల ప్రదర్శనశాల ఉన్నది. చలికాలమంతా మంచులో చిక్కుకుని ఇల్లు కదలలేని రైతులు కొయ్యతో గడియారాలు చెయ్యడం నేర్చుకున్నారు. కూకూ అని కోకిల కూసే గడియారం ఈ కొండలదే. లోపల రెండు చిన్న తిత్తులు, రెండు ఊళలు ఉంటాయి. ఒక తిత్తి "కూ" అంటుంది, రెండోది కాస్త కిందిస్వరంలో మరో "కూ" అంటుంది. ఈ గడియారాల సంగతి ఒక నెలకు సరిపడా ఉన్నది, ఇప్పుడు వదిలేస్తాను.

ఫుర్ట్‌వాంగెన్ దాటి ఒక ఇరుకు దారిన పైకి పోతే చిన్న రాతిగుడి ఒకటి ఉన్నది. దాని సమీపంలో, గడ్డి మధ్య, నాలుగు రాళ్ళ సందునుంచి వేలెడు లావున నీరు వస్తున్నది. పక్కన ఒక పలక. అల్లుడుగారు చదివి చెప్పారు: ఇది బ్రెగ్ అనే ఏరు, డాన్యూబు నదికి మొదలు. సముద్రమట్టానికి ఎత్తు 1,078 మీటర్లు. డాన్యూబు సముద్రంలో కలిసే చోటు ఇక్కడికి 2,888 కిలోమీటర్లు. జల విభాజకం ఇక్కడికి నూరు మీటర్లు.

చివరి మాట విన్నాక నాకు కాళ్ళు నిలవలేదు. పిల్లలూ, జల విభాజకం అనే మాటను నేను ముప్ఫై ఏళ్ళు నల్లబల్ల మీద రాశాను. ఒక్కనాడూ కళ్ళతో చూడలేదు. మెల్లగా పచ్చికలో ఆ నూరు మీటర్లూ నడిచి పోయాము. అక్కడ ఏమి ఉన్నదంటారా? ఏమీ లేదు. గోడ లేదు, గీత లేదు. ఊరికే నేల కాస్త ఉబ్బి ఉన్నది. ఆ ఉబ్బుకు ఇవతల పడిన వాన బ్రెగ్‌లోకి, డాన్యూబులోకి, పది దేశాలు దాటి నల్లసముద్రంలోకి పోతుంది. అవతల పడిన వాన ఎల్త్స్ అనే ఏటిలోకి, రైను నదిలోకి, ఉత్తర సముద్రంలోకి పోతుంది. ఎల్త్స్ పుట్టే చోటు కూడా అక్కడికి దగ్గరే.

మనవడు రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, ఒకటి నల్లసముద్రం వైపూ, ఒకటి ఉత్తర సముద్రం వైపూ వేసి నిలబడ్డాడు. కాసేపు ఆలోచించి అడిగాడు: "తాతయ్యా, సరిగ్గా ఇక్కడ ఒక చినుకు పడితే, ఎటు పోవాలో దానికి ఎలా తెలుస్తుంది?"

నేను చెబుతానన్న సంగతి ఇదే. 1994 లో నేను డెల్టాలో ఒక పల్లెటూరి బడిలో ఏడో తరగతికి భూగోళం చెబుతున్నాను. కృష్ణానది మహాబలేశ్వరం వద్ద పుట్టి 1,400 కిలోమీటర్లు తూర్పుకు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది అని చెప్పాను. పుట్టిన చోటికి పడమటి సముద్రం 64 కిలోమీటర్లేనని కూడా చెప్పాను. వెనక బెంచీలోనుంచి ఒక కుర్రవాడు లేచి, "అంత దగ్గర సముద్రం పెట్టుకుని అంత దూరం ఎందుకు పోయిందండీ? చినుక్కి ఎటు పోవాలో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు. తరగతి అంతా గొల్లున నవ్వింది. నాకు జవాబు తెలియదు. పుస్తకంలో మాట ఉన్నది గాని, ఆ మాట వెనక ఏమున్నదో నాకు తెలియదు. వాడు వేళాకోళం చేస్తున్నాడనుకున్నాను, కాదు, అనుకోవాలని అనుకున్నాను. బెంచీ ఎక్కి నిలబడమన్నాను. గంట కొట్టేదాకా దించలేదు. వాడు ఆ ఏడాది మళ్ళీ ప్రశ్న అడగలేదు.

అవే మాటలు, అదే ఆశ్చర్యం, నా మనవడి నోట! నేను ఉలకక పలకక నిలబడేసరికి వాడు తనే పరీక్ష మొదలుపెట్టాడు. నీళ్ళసీసా తెచ్చి, ఉబ్బు మీద సన్నని ధారగా పోశాడు. అందరమూ వంగి చూశాము. నీరు ఇటూ పోలేదు, అటూ పోలేదు. గడ్డిలోకి ఇంకిపోయింది! మీ మామ్మగారు నవ్వింది. కాని అది ఓడిపోయిన పరీక్ష కాదు. వాననీరు చాలావరకు చేసేది అదే. నేలలోకి ఇంకి, లోపల రాతి సందుల్లో మెల్లగా పల్లానికి జారి, కింద ఎక్కడో ఊటగా బయటపడుతుంది. మనం చూసిన ఆ వేలెడు ధార అట్లా పుట్టినదే.

అక్కడ గడ్డి మీద కూర్చుని వాడికి చెప్పాను, మీకూ చెబుతాను. పెంకుటిల్లు కొప్పు తెలుసు గదా? కొప్పుకు ఇవతల పడిన చినుకు వాకిట్లోకి జారుతుంది, అవతల పడినది పెరట్లోకి. కొప్పు సరిగ్గా నడిమిన ఉండాలని లేదు. ఒక చూరు పొడుగ్గా, వాలు తక్కువగా ఉండవచ్చు, ఇంకొకటి పొట్టిగా, నిటారుగా ఉండవచ్చు. పడమటి కనుమలు అటువంటి ఇల్లు. పడమటి చూరు నిటారుగా సముద్రం మీదికి దిగుతుంది, తూర్పు చూరు బంగాళాఖాతం దాకా మెల్లగా వాలుతుంది. కృష్ణమ్మ పుట్టింది కొప్పుకు తూర్పున. పక్కనే సముద్రం ఉన్నా, నడుమ కొప్పు ఉన్నది మరి.

నల్లని అడవి కూడా అంతే. పడమట రైను లోయ చాలా లోతున ఉన్నది. ఎల్త్స్ ఏరు యాభై అరవై కిలోమీటర్లలో ఎనిమిది వందల మీటర్లకు పైగా దూకుతుంది. బ్రెగ్ ఇంచుమించు యాభై కిలోమీటర్లు నడిచి నాలుగు వందల మీటర్లే దిగుతుంది. నిటారుగా దిగే నీటికి బలమెక్కువ, అది నేలను ఎక్కువగా కోస్తుంది. కోస్తూ కోస్తూ వెనక్కి, అంటే కొండ మీదికి, తన గండిని పొడిగించుకుంటుంది. అట్లా పొడిగిస్తూ పోయి పక్క నది పొలంలోకి చొరబడి దాని నీటిని తనవైపు మళ్ళించుకోగలదు. ఇది కల్పించి చెప్పడం లేదు. ఫెల్డ్‌బెర్గ్ శిఖరం మీది నీరు పూర్వం డాన్యూబుకే పోయేది. సుమారు ఇరవై వేల ఏళ్ళ కిందట రైను ఉపనది ఒకటి దాన్ని లాగేసుకున్నది. కనుక ఆ ఉబ్బు కూడా శాశ్వతం కాదు, ఏటేటా కాస్త కాస్త తూర్పుకు జరుగుతూనే ఉన్నది.

"అయితే రైను దొంగన్నమాట," అన్నాడు మనవడు. "పుట్టినరోజు కేకు సంగతి ఏమయింది?" అన్నాడు వెంటనే.

మూడు గంటలకు ట్రీబెర్గ్ చేరాము. జర్మనీలో మూడు నాలుగు గంటల వేళ కాఫీ, కేకు తీసుకోవడం మనం సాయంకాలం టిఫిను తిన్నంత ఆచారం. ఈ ఊళ్ళో 163 మీటర్ల జలపాతం మెట్లు మెట్లుగా దూకుతుంది. మనవడు దాని వంక చూడనైనా చూడలేదు. అంగడిలో అద్దాల వెనక కేకు నిలబడి ఉన్నది. నల్లని చాకొలేటు పొరలు, నడుమ తెల్లని మీగడ, ఎర్రని పుల్లచెర్రీలు, పైన చాకొలేటు తురుము. వాడు వేలు చూపించాడు. వడ్డించే ఆమె వాడి వంక చూసి, మా అమ్మాయితో మెల్లగా ఏదో చెప్పింది. అమ్మాయి ముఖం చిన్నబోయింది.

సంగతేమిటంటే, ఆ కేకులో కిర్ష్ అనే సారాయి పోస్తారు. చెర్రీపళ్ళు పులియబెట్టి దించిన సారాయి. ఆ రుచి నాలుకకు తెలియకపోతే ఆ పేరుతో అమ్మరాదని జర్మనీలో నిబంధన కూడా ఉన్నది. అందుచేత పిల్లలకు పెట్టరు. మన ఊళ్ళ బేకరీల్లో దొరికేదానిలో మామూలుగా సారాయి ఉండదు. పంచదార పాకంతోనే తడుపుతారు. అంటే మన పాప తమ్ముడు హాయిగా తినగలిగిన కేకును, దాని పుట్టింటికి పోయి మా మనవడు తినలేకపోయాడు!

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మాయి వాడికి చెర్రీలు వేసిన మరో కేకు తెప్పించింది. వాడు ముట్టలేదు. అల్లుడుగారు కారు నడపాలి గనుక ఆయనా ముట్టలేదు. మీ మామ్మగారు సారాయి పేరు వినగానే కుర్చీ వెనక్కి జరుపుకున్నది. నా సంగతి చెప్పనే చెప్పాను. చివరకు అమ్మాయి ఒక్కతే ఒక ముక్క తిన్నది, మిగిలినవాళ్ళం ఆమె నోటి వంక చూస్తూ కూర్చున్నాము. అంతటి పుట్టినరోజు విందు నేను ఎన్నడూ చూడలేదు.

వాడి దృష్టి మళ్ళించడానికి నేను ఒక పజిలు పెట్టాను. "ఉదయం నుంచీ ఈ కేకులో ఉన్నవాటిని దారిలో చూస్తూనే వచ్చాము. ఏవి చూశాము, ఏది చూడలేదు, చెప్పు?" వాడు ముక్కు తుడుచుకుని లెక్కపెట్టాడు. చెర్రీలు సంతలో. మీగడ ఆవుల వద్ద. నలుపు? "చాకొలేటు చూడలేదు!" అన్నాడు.

అవును. ఆ కేకు నలుపు ఆ అడవిది కాదు. కోకో చెట్టు చలికి బతకదు. లోకంలో ఎక్కువ కోకో ఆఫ్రికాలోని ఐవరీ కోస్టు, ఘనా దేశాల్లో పండుతుంది. మన దేశంలో అన్నిటికంటె ఎక్కువ పండేది ఆంధ్రప్రదేశ్‌లో. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన వేస్తారు. మా ఊళ్ళోనే ఉన్నది. కాయలు కొమ్మలకే కాదు, మొద్దుకే అతుక్కుని వేలాడతాయి. సెలవలకు వచ్చినప్పుడు ఆ కాయ పగలగొట్టి లోపలి తెల్లని గుజ్జు చప్పరించానని వాడికి గుర్తు వచ్చింది. "అయితే ఈ కేకులో మన ఊరు ఉన్నది," అని, తన ముందున్న కేకు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. అందులో చాకొలేటు లేదు, కాని ఆ మాట నేను అనలేదు.

ఇప్పుడు మన పాప ప్రశ్నకు జవాబు. ఆ కేకు పేరు అడవి నుంచి వచ్చిందా అంటే, ఆ కొండల చెర్రీ సారాయి నుంచి వచ్చిందని చాలామంది మాట. మరికొందరు వేరే చెబుతారు. అక్కడ కొన్ని పల్లెల్లో పెళ్ళికాని ఆడపిల్లలు ఎర్రని ఉన్ని బంతులు కుట్టిన టోపీ, తెల్లని రవిక, నల్లని పావడా వేసుకుంటారు. ఎరుపు, తెలుపు, నలుపు, ఇవి కేకు రంగులే గదా అంటారు. ఇక చేసిందెవరు? జోసెఫ్ కెల్లర్ అనే మిఠాయివాడు 1915 లో తానే మొదట చేశానన్నాడు. చేసింది కూడా నల్లని అడవిలో కాదు, దూరాన బాన్ నగరం వద్ద! దానికి రుజువు లేదు. అచ్చులో ఆ పేరు కనబడింది 1934 లో. కనుక, పాపా, మీ నాన్నగారికి తెలియకపోవడం ఆయన తప్పు కాదు.

తిరుగుదారి ఎల్త్స్ ఏటి వెంబడే. మధ్యాహ్నం మేము చూసిన ఉబ్బుకు అవతలి నీళ్ళు ఇవే. మొదట దారి పక్క కాలువంత, తరవాత రాళ్ళ మీద గంతులు వేసే వాగంత, ఎల్త్సాఖ్ ఊరు దాటాక మంచి ఏరంత అయింది. మనవడు సగం చెర్రీలు తిని, గింజలు కిటికీలోనుంచి ఏట్లోకి విసిరి, "ఉత్తర సముద్రం! ఉత్తర సముద్రం!" అని అరుస్తూ నిద్రపోయాడు.

ఇంటికి తిరిగి వచ్చాక నేను ఒక పని చేశాను. నాకు చదువుకున్న పిల్లలు కొందరు ఫోనులో మాట్లాడుతూ ఉంటారు. వారినీ వీరినీ అడిగి ఆ వెనక బెంచీ కుర్రవాడి నెంబరు సంపాదించాను. ఇప్పుడు వాడికి నలభై దాటింది, పెళ్ళీడు కూతురున్నది. కాలువ మీద లస్కరుగా పని చేస్తున్నాడు. తూము తలుపులు ఎత్తడం, దించడం, ఏ పొలానికి ఎంత నీరు పోవాలో చూడడం వాడి పని. నా గొంతు గుర్తుపట్టి, "మాస్టారూ! బాగున్నారాండీ?" అన్నాడు.

జరిగింది చెప్పి, ఆ రోజు తప్పు నాదేనన్నాను.

కాసేపు ఫోనులో నీళ్ళ చప్పుడు మాత్రమే వినబడింది. "బెంచీ ఎక్కించింది గుర్తుందండీ," అన్నాడు. "చెల్లెలు కూడా కిటికీలోంచి చూసిందండీ. ప్రశ్నే గుర్తులేదు. ఏమడిగానండీ?"

చినుక్కి ఎటు పోవాలో ఎలా తెలుస్తుందని అడిగావురా, అన్నాను.

వాడు పెద్దగా నవ్వాడు. "నీరు పల్లమెరుగు అని మా నాయనమ్మ రోజూ అనేదేనండీ! అది తెలిసి కూడా మిమ్మల్ని అడిగానా?" అన్నాడు. తరవాత ఆయకట్టు చివరి పొలాలకు ఈ ఏడు నీరు అందడం లేదనీ, ఎక్కడో కాలువ అడుగు మేట వేసి పల్లం తప్పిందనీ చెప్పుకొచ్చాడు. ఎన్ని అడుగులు మేట వేసిందిరా అని అడిగాను. కొలిచి చెబుతానన్నాడు. తూము వద్ద ఎవరో పిలుస్తున్నారు, ఫోను పెట్టేశాడు.